పూటకూళ్ల బంగారమ్మకు ఒక కోరిక

2023 వానాకాలం. రాయదుర్గం మెట్రో దిగి ఆఫీసు టవర్ల వెనక సందులోకి మళ్లితే పాత మూడంతస్తుల ఇల్లు ఒకటి కనిపిస్తుంది. కింద జిరాక్స్ షాపు, మధ్యలో పళ్ల డాక్టరు, పైన బోర్డ్ గేమ్ కెఫే. శనివారం మధ్యాహ్నాలు ఆ పై అంతస్తులో కిటికీ పక్క బల్ల నాది. అక్కడ నేను చేసే పనిని గేమ్ మాస్టర్ అంటారు. అది కూడా ఒక పనేనని మా బంధువుల్లో చాలామందికి ఇప్పటికీ నమ్మకం కుదరలేదు.

అంతకుముందు చాలా ఏళ్లు ఒక దినపత్రిక డెస్కులో సబ్ ఎడిటర్‌గా పనిచేశాను. ఊళ్ల నుంచి విలేకరులు పంపే వార్తలను దిద్ది, ఉన్న జాగాలో పట్టించడం నా వంతు. ఆ ఉద్యోగం మానేశాక, కెఫే నడిపే మా పక్కింటి అమ్మాయి వచ్చి తెలుగులో ఆట నడిపే మనిషి కావాలంది. ఆట నేర్చుకోవడానికి కొన్నాళ్లు పట్టింది. జనం చెప్పేది వినడం మాత్రం పాత అలవాటే.

రోల్ ప్లేయింగ్ గేమ్ అంటే చాలామంది కంప్యూటర్ తెర అనుకుంటారు. మా బల్ల మీద తెర ఉండదు. చుట్టూ కూర్చున్న వాళ్లు ఒక్కొక్కరూ ఒక పాత్రను తయారు చేసుకుని, ఆ పాత్ర తామే అయినట్టు మాట్లాడతారు. ఊరు, వాన, శత్రువు, దారిన పోయే కుక్క, ఇవన్నీ గేమ్ మాస్టర్ చెప్పాలి. అవుతుందో కాదో తెలియని పని ఎదురైతే ఇరవై ముఖాల పాచిక వేస్తారు. పెద్ద అంకె పడితే పని అవుతుంది, చిన్నది పడితే కాదు. బల్ల మీంచి కింద పడ్డ పాచిక లెక్కకు రాదు. అంతే ఆట.

ఆ వానాకాలంలో మా బల్లకు వచ్చినవాళ్లు ముగ్గురు. ముగ్గురిదీ ఒకే టవర్‌లో ఒకే అంతస్తు. అనసూయ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చూసే ఉద్యోగి. పుట్టిల్లు తణుకు, కాపురం చందానగర్. సత్యప్రసాద్ గారిది గుంటూరు. యాభై దాటిన మనిషి, వాళ్ల మేనేజరు. నర్సింహ ఆ అంతస్తు ఉద్యోగులకు క్యాబ్‌లు ఏర్పాటు చేస్తాడు, పక్కనే ఖాజాగూడ వాడు. మొదటి రోజే పరిచయం చేసుకుంటూ, "వీళ్లందరు ఊరు ఇడిసి ఆఫీసుకొస్తరు మేడమ్. నేను ఊర్లకెల్లి ఊర్లకే వస్త" అన్నాడు.

బల్ల బుక్ చేసింది అనసూయ. టీలు వచ్చాక ఆమె అసలు సంగతి చెప్పింది.

"నేను టెస్టింగ్‌లోకి వచ్చి చాలా ఏళ్లయిందండి. చేసిన ఏ ప్రాజెక్టూ చివరిదాకా చూడలేదు. ఒకటి క్లయింటు సగంలో ఆపేశాడు. ఇంకోదాంట్లోంచి నన్ను తీసి వేరే దాంట్లో వేశారు. ఇప్పుడు దీన్నీ మూసేస్తున్నారు. అంతస్తు ఖాళీ చేసేస్తారట. మేం ముగ్గురం మూడు చోట్లకి పోతాం. ఆ లోపల ఏదైనా ఒకటి మొదలుపెట్టి, ముగిసేదాకా చూడాలని ఉందండి. కథయినా సరే. అవుతుందా?"

"ఎన్ని శనివారాలు ఉన్నాయి మీకు?"

"ఈ రోజు పోగా మూడండి."

అవుతుందన్నాను. అయితే దానికి తగ్గ పాత్రలు కావాలి.

ఆట మొదలయ్యే ముందు జరిగే సమావేశాన్ని సెషన్ జీరో అంటాం. ఆ రోజు పాచికలు తీయం. ఎవరు ఏ పాత్ర, దానికి ఏం వచ్చు, ఏం రాదు, అన్నిటికంటే ముఖ్యంగా దానికి ఏం కావాలి, ఇవి మాట్లాడుకుంటాం. ఆ వివరాలు రాసుకునే కాగితం క్యారెక్టర్ షీట్. బలం, తెలివి, ఓర్పు అన్నీ అందులో అంకెల్లో ఉంటాయి. చివర 'పాత్ర లక్ష్యం' అని ఒక ఖాళీ గీత ఉంటుంది. నేను చూసినంతలో పాత్రలు కత్తి దెబ్బలకు చచ్చింది తక్కువ, ఆ గీత దగ్గర చచ్చిందే ఎక్కువ.

కథ జరిగే ఊరు నేను చెప్పాను. పేరు బండలకోట. గుట్ట మీద కోట, కింద రాతిగుండ్ల మధ్య ఊరు. కోటను ఏలేవాడు కిల్లేదారు. అందరి మీదా అనుమానమే. తన వంటవాడు వండింది తప్ప మంచినీళ్లు కూడా ముట్టడు. ఊళ్లో ఎవరి పని అయినా అతని మాట మీదే అవుతుంది. అతని దగ్గరికి మాత్రం ఎవరూ పోలేరు.

నర్సింహ పెన్ను అందుకున్నాడు. "నా పాత్ర రణధీరుడు మేడమ్. లక్ష్యం, రాజ్యం మొత్తం గెలవాలె. కిల్లేదారు తలకాయ కోట గుమ్మానికి ఏలాడదియ్యాలె."

"మూడు శనివారాల్లోనా?"

"గాదా?"

సత్యప్రసాద్ గారు టీ కప్పు కింద పెట్టారు. "మన మియాపూర్ క్యాబ్ రూటు మార్చడానికే నీకు నెల పట్టింది. రాజ్యం ఎట్లా గెలుస్తావయ్యా?"

"సార్, ఆ రూట్‌ల రోడ్డు తవ్విండ్రు. రాజ్యంల తవ్వలే గద."

పెద్ద లక్ష్యాలను తగ్గించడం మా పనిలో తేలిక. ఒక్క ప్రశ్న చాలు. "రాజ్యం సరే. రణధీరుడి దగ్గర్నుంచి ఆ కిల్లేదారు సొంతంగా ఏం లాక్కున్నాడు?" అని అడిగాను.

నర్సింహ ఆలోచించాడు. "గుర్రం."

"పేరు?"

"చాంద్. నెత్తి మీద తెల్లమచ్చ ఉంటది. నేను ఈలేస్తె ఎంత దూరంలున్నా వస్తది." ఆ మాటతో రాజ్యాన్ని మరచిపోయాడు. షీటు మీద రాజ్యం కొట్టేసి చాంద్ అని రాసి, పక్కన చిన్న గుర్రం బొమ్మ కూడా వేశాడు. అది మేకలా ఉంది.

సత్యప్రసాద్ గారి పాత్ర సుంకరి. కోట వాకిట బండ్ల దగ్గర సుంకం వసూలు చేసే ఉద్యోగి. "ఎండలో నిలబడీ నిలబడీ విసిగిపోయాడమ్మా. కోట లోపలికి బదిలీ కావాలి."

"ఏ ఉద్యోగానికి?"

"ఏదైనా సరే. లోపల నీడ ఉంటుంది."

అనసూయ పాత్ర బంగారమ్మ. కోట కింద పూటకూళ్ల ఇల్లు నడుపుతుంది. అంటే బాటసారులు పూటకింత ఇచ్చి భోంచేసే ఇల్లు. పాత్ర ఎంత బాగా కుదిరిందంటే, ఆమె చెబుతుంటే వంటింటి పొగ కళ్లకు తగిలింది. వేలికి ఉంగరం ఉంచుకోదు, పిండిలో పడిపోతుందని. బేరమాడే వాళ్లకు మజ్జిగ పలచన చేస్తుంది. ఇన్ని చెప్పి, లక్ష్యం దగ్గర గుండ్రటి అక్షరాలతో ఇలా రాసింది: 'రోజూ రెండు పూటలా, వేళ తప్పకుండా, వచ్చినవాళ్లందరికీ భోజనం పెట్టడం.'

"ఇది ఆమె రోజూ చేస్తున్నదే కదండీ?" అన్నాను.

"అందుకే రాశానండి. ఇదైతే అయిపోతుంది."

"ఇంకేమీ అక్కర్లేదా ఆమెకి?"

"పెద్దవి పెట్టుకుంటే మధ్యలో ఆగిపోతాయండి. నాకిది పూర్తి కావడం ముఖ్యం."

"రియలిస్టిక్ గోల్ అమ్మా. అలాగే ఉండాలి" అన్నారు సత్యప్రసాద్ గారు, మేనేజరు గొంతుతో.

ఆటగాడి లక్ష్యాన్ని గేమ్ మాస్టర్ కొట్టేయకూడదు. అది వాళ్ల సొత్తు. సరే, ఆడి చూద్దామన్నాను.

తర్వాతి శనివారం ఆట మొదలైంది. బంగారమ్మ పొద్దున్నే లేచింది, పొయ్యి వెలిగించింది, వడ్డించింది. ఎవరూ అడ్డు రాలేదు. అడ్డు రావడానికి అక్కడేమీ లేదు. టీ చల్లారే లోపల అనసూయ లక్ష్యం నెరవేరింది. ఆ తర్వాత నర్సింహ గుర్రపుశాల గోడ ఎక్కబోయి రెండుసార్లు జారిపడ్డాడు. సత్యప్రసాద్ గారు ఒక జమేదారుకు మామిడిపళ్ల బుట్ట ముట్టజెప్పి బదిలీ మాట ఎత్తబోతే, ఆ జమేదారు మరో బుట్ట అడిగాడు. బల్ల అంతా నవ్వులు. అనసూయ కూడా నవ్వింది, అయితే పక్కింటి పెళ్లికి వచ్చినట్టు నవ్వింది. కాసేపటికి ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టింది.

"అక్కా, నీది ఐపోయింది గద. జర మాకు మూడు చాయ్‌లు చెప్పు" అన్నాడు నర్సింహ.

ఆమె లేచి వెళ్లి నిజంగానే చెప్పి వచ్చింది. నాకు ఆ దృశ్యం నచ్చలేదు. కథకు ఒక ముగింపు చూడాలని వచ్చిన మనిషి, కథలో తన పాత్రకు చేయడానికి ఏమీ లేక టీలు తెస్తోంది.

ఆట ముగిసేసరికి వాన పట్టుకుంది. ఐటీ కారిడార్‌లో శనివారం సాయంత్రం వాన వస్తే ఇంటికి పోవడానికి తొందరపడటం దండగ. "అంతమందికి క్యాబ్‌లు చూస్త, నాకే దొరకది" అని నర్సింహ సోఫాలో వాలాడు. నేను అనసూయ పక్కన కూర్చున్నాను.

"మీకు బాగాలేదు కదండీ ఈ రోజు?"

"అయ్యో, బాగుందండి. నాది తొందరగా అయిపోయింది, అంతే." తన షీటు వంక చూసి, "ఆఫీసులో అలవాటండి" అంది. "ఏడాది మొదట్లో రాయాల్సిన లక్ష్యాలు మేం ఏడాది చివర రాస్తాం. అప్పటికి ఏమేం చేశామో వాటినే లక్ష్యాలుగా పెడతాం. అన్నీ నెరవేరినట్టే ఉంటాయి."

"నేనే అలా రాయమంటాను మేడమ్" అన్నారు సత్యప్రసాద్ గారు, ఏమాత్రం మొహమాటపడకుండా. "నిజంగా చేయాలనుకున్నవి రాస్తే, కానివాటికి సంజాయిషీ నేను చెప్పుకోవాలి. అప్రైజల్‌లో రేటింగ్ పోయేది వీళ్లకి."

పత్రిక డెస్కులో ఉన్న రోజుల్లో రెండు రకాల కాగితాలు వచ్చేవి. జరిగిపోయిన దాని గురించి ఒకటి, ఇంకా తేలని దాని గురించి ఒకటి. మొదటిదాన్ని నాలుగు లైన్లలో వేసి ఊరుకునేవాళ్లం. రెండోదాని కోసం పాఠకుడు మర్నాడు పొద్దున్నే వాకిట్లో నిలబడేవాడు. అనసూయ బంగారమ్మకు మొదటి రకం కాగితం రాసి ఇచ్చింది. ఆగిపోతుందేమోనన్న భయంతో, ముందే అయిపోయిన లక్ష్యాన్ని ఎంచుకుంది. ఇలాంటి పొరపాటు ఈ టవర్ల మధ్య పనిచేసేవాళ్లే చేయగలరు.

"బంగారమ్మకి కోపం వస్తుందా అండి?" అని అడిగాను.

అనసూయకు ఆ ప్రశ్న వింతగా తోచింది. "వస్తుందండి. ఎందుకు రాదు?"

"ఎవరి మీద?"

ఆమె చేతిలోని ఫోన్ పక్కన పెట్టింది. తర్వాత బంగారమ్మ గొంతులో, తణుకు యాసలో అంది: "ఆ కిల్లేదారు మా ఊరొచ్చి ఎన్నాళ్లయిందండి? ఊరంతా నా చేతి అన్నం తింటారు. దారిన పోయే సన్నాసులు తింటారు. ఆయనొక్కడూ తినలేదు. విషం పెడతానంటాడా? నేనా? ఒక్కసారి నా ఇంట్లో పీట వేసుకుని కూచుని తినాలండి ఆయన. తిని, మళ్లీ వడ్డించమని అడగాలి."

సోఫాలో పడుకున్న నర్సింహ లేచి కూర్చున్నాడు. "గిదీ. గిది గావాలె అక్కా."

కోరిక పుట్టింది. అది వాస్తవంగా ఉండాలంటే దానికి ఒక చోటూ, గడువూ కావాలి. ఆ గడువు నేను ఇచ్చాను. ఏడాదికి ఒకే ఒక్క రోజు, ఆయుధపూజ నాడు, కిల్లేదారు కోట దిగి ఊళ్లోకి వస్తాడు. ఆ రోజు తింటే తిన్నట్టు, లేకపోతే లేనట్టు. ఆ రోజు మన చివరి శనివారం ఆటలో వస్తుంది. అనసూయ షీటు మీద పాత వాక్యాన్ని కొట్టేసింది.

"కాకపోతే?" అంది.

"కాకపోవచ్చు" అన్నాను.

ఆ రాత్రే వాళ్ల ముగ్గురి వాట్సాప్ గ్రూపులో గొడవ మొదలైందని, నన్ను కూడా అందులో చేర్చాక తెలిసింది. విషయం, కిల్లేదారుకు ఏం వండాలి.

"పచ్చిపులుసు పెట్టు అక్కా. గరం గరం అన్నం, పచ్చిపులుసు, పక్కకు ముద్దపప్పు. తినకుంట ఎవడు లేస్తడు" అని నర్సింహ.

"పెద్దమనిషికి పచ్చిపులుసు ఏంటి నర్సింహా? గుత్తివంకాయ ఉండాలి, పప్పుచారు ఉండాలి, చివర్న గడ్డపెరుగు ఉండాలి" అని అనసూయ.

"నీ గుత్తొంకాయల పురుగు ఎల్లిందనుకో, విషం కన్న ముంగట నిన్నే ఉరి దీస్తడు."

"రిక్వైర్‌మెంట్ తీసుకోకుండా వంట మొదలుపెడితే ఇలాగే ఉంటుంది" అని సత్యప్రసాద్ గారు. "ముందు ఆయనకేం ఇష్టమో కనుక్కోండి."

కనుక్కునే పని సుంకరి మీదే పడింది. గురువారం నేను ఆ భాగాన్ని ఎలా ఆడించాలా అని చూసుకుంటుండగా సత్యప్రసాద్ గారు ఫోన్ చేశారు. ఎప్పుడూ వేళాకోళంగా మాట్లాడే మనిషి మెల్లగా మాట్లాడారు.

"మేడమ్, అంతస్తు ముందే ఖాళీ చేయమన్నారు. సోమవారం నుంచి నర్సింహ వేరే క్యాంపస్. అనసూయ గారు నానక్‌రామ్‌గూడ ఆఫీసుకి, అక్కడ శనివారాలు కూడా పని. ఈ శనివారమే ఆఖరు. అనసూయ గారు మీకు చెప్పొద్దన్నారు. 'ఇది కూడా ఆగిపోయింది, అంతే కదా సార్' అన్నారు."

ఆగదని ఆమెతో చెప్పమన్నాను. ఫోన్ పెట్టేసి, చేసుకున్న ఏర్పాట్లన్నీ ముందేసుకున్నాను. రెండు శనివారాల కథ ఒక్క మధ్యాహ్నంలో ముగియాలి. బండల కింద ఒక సొరంగం పెట్టాను, అది తీసేశాను. ఒక దొంగ ఉన్నాడు, అతణ్నీ తీసేశాను. రణధీరుడికి చిన్నప్పుడు తప్పిపోయిన తమ్ముడు ఒకడు రావాలి, వాడు రాకముందే వెళ్లిపోయాడు. మిగిలినవి మూడు కోరికలు. తీసేసినవాటిలో ఏదీ ఆ కోరికలకు అవసరం లేదని అప్పుడు కనిపించింది. గుర్రం, బదిలీ, భోజనం. మూడూ ఒకే మనిషి చుట్టూ ఉన్నాయి, ఆ మనిషి ఒకే రోజు ఊళ్లోకి వస్తాడు.

శనివారం ముగ్గురూ చెప్పిన వేళ కంటే ముందే వచ్చారు. అనసూయ కూర్చుంటూనే అడిగింది, "అవుతుందా అండి?"

"ఆయన తింటాడో లేదో పాచిక చెబుతుంది. కథ ముగించే పూచీ మాత్రం నాది."

మొదట సుంకరి వెళ్లి కోట పాత కాపలావాణ్ని మాటల్లో పెట్టాడు. పాచిక బాగా పడింది. కిల్లేదారు గుట్టల అవతల పల్లెలో పుట్టినవాడు. చిన్నప్పుడు తల్లి చేసే జొన్నరొట్టె, వెల్లుల్లి కారం అంటే ప్రాణం. పచ్చిపులుసూ గుత్తివంకాయా రెండూ ఓడిపోయాయి. నర్సింహ, అనసూయ ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు.

ఆయుధపూజ నాడు కిల్లేదారు పటాలంతో ఊళ్లోకి దిగాడు. రణధీరుడు గుర్రపుశాల గోడ వెనక దాక్కున్నాడు. శాల ముందు నలుగురు సిపాయిలు. కిల్లేదారు పూటకూళ్ల ఇంటి ముందు నుంచి పోతుండగా బంగారమ్మ వాకిట్లోకి వచ్చి దారికి అడ్డంగా పీట వేసింది. అనసూయ లేచి నిలబడి మాట్లాడింది. అప్పటిదాకా ఆమె గొంతు నేను పూర్తిగా వినలేదని అప్పుడు తెలిసింది.

"అయ్యా, మీరు ఊరిని ఏలుతున్నారు. ఊరు నా ఇంట్లో తింటుంది. నా చేతి రొట్టె తినని మనిషికి ఈ ఊరి సంగతి ఏం తెలుస్తుంది? కూర్చోండి."

కిల్లేదారుగా నేను లేని మీసం మీద చెయ్యి వేశాను. "పన్నెండు, అంతకంటే ఎక్కువ పడితే కూర్చుని తింటాడు" అన్నాను.

ఆమె పాచిక వేసింది. అయిదు.

కిల్లేదారు ముఖం తిప్పుకున్నాడు. అప్పుడు సత్యప్రసాద్ గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "మేడమ్, మా సుంకరి అక్కడే ఉన్నాడు కదా. ఆ రొట్టె ముందు నేను తింటాను. ఆయన చూస్తుండగా. విషం ఉంటే పోయేది నేను."

మా ఆటలో తోటివాడు తన పాత్రను అపాయంలో పెట్టి సాయం చేస్తే పాచిక ఇంకొకసారి వేయవచ్చు. సుంకరి రొట్టె విరిచి, కారం అద్దుకుని తిన్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "కారం మేడమ్, విషం కాదు" అని సత్యప్రసాద్ గారు కిల్లేదారుకు వివరించారు.

అనసూయ రెండోసారి వేసింది. పాచిక బల్ల అంచు తాకి కింద పడి, కుర్చీ కిందికి దొర్లింది. నర్సింహ మోకాళ్ల మీద వంగి చూశాడు.

"పద్దెనిమిది. అక్కా, పద్దెనిమిది. తింటడు, తింటడు."

సత్యప్రసాద్ గారు చప్పట్లు కొట్టారు. పక్క బల్లవాళ్లు తిరిగి చూశారు. అనసూయ మాత్రం కదలలేదు.

"కింద పడింది లెక్కకి రాదని మొదటి రోజే చెప్పారు కదండీ."

"అక్కా, జర ఊకో. మేడమే ఏమంటలేదు."

"మేడమ్ అనకపోయినా రూలు రూలే నర్సింహా. కింద పడ్డదాన్ని పాస్ చేస్తే, ఆయన తిన్నాడని నేను ఎలా నమ్మాలి?"

రూలు నాదే. ఆ క్షణాన అది గుర్తులేదని చెప్పాలనిపించింది. అయినా నిజమేనని తల ఊపాను. ఆమె పాచికను తెప్పించుకుని, చేతిలో కాసేపు ఆడించి, బల్ల మధ్యలో వేసింది. అది నెమ్మదిగా తిరిగి ఆగింది.

తొమ్మిది.

కిల్లేదారు పీట వంక ఒకసారి చూశాడు. రొట్టె వాసన అతనికి తగిలింది, తల్లి కూడా గుర్తొచ్చింది. అయినా కూర్చోలేదు. "నాకు ఆకలి లేదు" అని ముందుకు కదిలాడు. పోతూ పోతూ ఇంకా బతికే ఉన్న సుంకరిని చూసి ఆగాడు. రేపటి నుంచి కోట లోపలికి వచ్చి తన భోజనాన్ని ముందుగా రుచి చూడమని ఆజ్ఞ ఇచ్చాడు.

సత్యప్రసాద్ గారు కుర్చీలో వెనక్కి వాలారు. "బదిలీ అయింది. ప్రాణం మీదికొచ్చింది" అన్నారు. నర్సింహ నవ్వు ఆపుకోలేక బల్ల మీద తల వాల్చాడు.

అనసూయ అప్పుడు అడిగింది, "ఆయన వెంట వచ్చిన సిపాయిలు పొద్దుట్నుంచి ఏమైనా తిన్నారా అండి?"

నేను దాని గురించి ఆలోచించనే లేదు. "లేదు. పూజ అయ్యేదాకా పస్తే."

"వాళ్లు బయటి అన్నం తినకూడదని కిల్లేదారు ఎప్పుడైనా చెప్పాడా?"

"తన సంగతే చెప్పుకున్నాడు. వాళ్ల మాట ఎత్తలేదు."

"అయితే నేను వాళ్లకి వడ్డిస్తున్నానండి. వెనకున్న వాళ్లకీ. గుర్రపుశాల దగ్గరున్న వాళ్లకీ కబురు పెడుతున్నాను, రొట్టెలు మిగిలిపోతున్నాయని."

దానికి పాచిక అక్కర్లేదు. ఆకలితో ఉన్నవాడు పిలిచిన చోటికి వస్తాడు. శాల ముందున్న నలుగురూ వచ్చి వరసగా కూర్చున్నారు. అటు, కాపలా లేని గోడ వెనక, నర్సింహ నోట్లో రెండు వేళ్లు పెట్టుకుని నిజంగానే ఈల వేశాడు. ఆ ఈల కింద దంతవైద్యుడి దాకా వినపడి ఉంటుంది. చాంద్ పరుగెత్తి వచ్చింది.

నేను కథ ముగించాను. సుంకరి కోట నీడలో, చేతిలో ముద్దతో, ఆలోచనలో ఉన్నాడు. రణధీరుడు గుట్టలు దాటాడు. బంగారమ్మ వాకిట్లో ఎంగిలి విస్తళ్లు ఎత్తుతోంది. కిల్లేదారు ఆమె చేతి అన్నం తినలేదు. ఇక తినడు. ఇంతటితో అయిపోయింది అన్నాను.

నర్సింహకు సంతోషం ఒక పక్క, బాధ ఒక పక్క. "పరేషాన్ గాకు అక్కా. మా ఇద్దరివి ఐనయి, నీదొక్కటే..."

అనసూయ ముఖం చూసి అతను ఆగిపోయాడు. ఆమె ముఖమంతా నవ్వు. ఆ బల్ల దగ్గర అన్నీ దక్కినవాళ్లకు కూడా అంత నవ్వు లేదు.

"పరేషాన్ ఏంటి నర్సింహా. తినలేదు. అడిగాను, వడ్డించాను, తినలేదు. తేలిపోయింది." షీటు తీసుకుని ఆ లక్ష్యం పక్కన 'తినలేదు' అని గుండ్రటి అక్షరాలతో రాసింది. తర్వాత నా వైపు తిరిగి, "ఇన్నేళ్లకి ఒకటి చివరిదాకా చూశానండి" అంది.

కాసేపటికి ముగ్గురూ కలిసి మెట్లు దిగారు. పచ్చిపులుసు పెట్టి ఉంటే తినేవాడని నర్సింహ, కాదని అనసూయ, రేపటి భోజనం సంగతి చూడమని సత్యప్రసాద్ గారు, వాదించుకుంటూనే సందు మలుపు దాకా వెళ్లారు.

ఆ తర్వాత చాలా బల్లలు నడిపాను. వాస్తవమైన లక్ష్యం అంటే చిన్నదనీ, తప్పకుండా నెరవేరేదనీ మొదట్లో నేనూ అనుకునేదాన్ని. మా పనిలో ఆ మాటకు అర్థం వేరని ఆ శనివారం తెలిసింది. ఉన్న రోజుల్లో అవునో కాదో తేలిపోయేదే వాస్తవమైన లక్ష్యం. రాజ్యం తేలదు. రోజూ చేసే వంట ముందే తేలిపోయి ఉంటుంది. ఒక మొండి మనిషి ఒక పూట రొట్టె తింటాడా లేదా అన్నది తేలుతుంది, అది తేలేదాకా బల్ల చుట్టూ ఉన్నవాళ్లెవరూ లేవరు.

ఇప్పుడు కొత్తవాళ్లు లక్ష్యం గీత దగ్గర పెన్ను ఆపి నా వైపు చూసినప్పుడు, అది పెద్దదా చిన్నదా అని అడగను. రెండే అడుగుతాను. ఇది ఏ రోజు తేలుతుంది? తేలకపోతే నీకు నిద్ర పడుతుందా? రెండోదానికి లేదని తల అడ్డంగా ఊపితే, పాచికలు తీసి బల్ల మీద పెడతాను.